సబ్బు ఒంటికి, కుంకుడు పట్టుకు

వేపాకు, కలబంద వేసి ఇంట్లోనే సబ్బు చేసి అమ్ముకుందామని మన హొసకోటె ఆడవాళ్ళు అనుకుంటున్నారు. మంచిదే. మొదటి యుద్ధంలో గంధపుచెక్క ఎగుమతి ఆగితే, 1916లో మైసూరులో నూనె తీశారు. ఆ నూనెతోనే మన బెంగళూరులో గంధం సబ్బు మొదలైంది.

అయితే ఏ ఆకు వేసినా, నూనెను సబ్బు చేసేది కాస్టిక్ సోడానే. కిలో కొబ్బరినూనెకు సుమారు 174 గ్రాములు, దానికి రెట్టింపు నీళ్ళు. తూచే వేయాలి, చెంచా లెక్క పనికిరాదు. సోడానే నీళ్ళలో వేయాలి, సోడా మీద నీళ్ళు పోయకూడదు. గ్లవ్స్, కళ్ళద్దాలు ఉండాలి, అల్యూమినియం గిన్నె వద్దు, పిల్లలు దగ్గర ఉండకూడదు. ముక్కలు కోశాక 4 నుంచి 6 వారాలు ఆరనివ్వాలి. పసుపు వేస్తే ఎర్రబడుతుంది. సున్నం కలిపి పారాణి చేసే మనకది వింత కాదు. అమ్మాలంటే మాత్రం లైసెన్సు కావాలి.

ఆ సబ్బు పట్టుచీరకు వద్దు. ముడిపట్టులో నాలుగో వంతు దాకా జిగురే, అది వదలడానికే సబ్బు, సోడా వేసి ఉడకబెడతాం. జిగురు పోయాక అదే కారం పోగును తింటుంది, మెరుపు పోతుంది. అప్పుడు కొన్నవాళ్ళు తిట్టేది సబ్బును కాదు, మన మగ్గాన్ని.

పట్టుకు కుంకుడే. గింజ తీసి, రాత్రి నానబెట్టి, పిసికి, వడకట్టి, చల్లనీళ్ళలో కలపాలి. ముందు కొంగు మూల తడిపి రంగు చూసుకోవాలి. ఈ నాలుగు మాటలు తెలుగులో, కన్నడలో చీటీ రాసి, అమ్మే ప్రతి చీర మడతలో పెడదాం.