నల్లా లెక్క, ఖజానా లెక్క

మున్సిపాలిటీ నీటి ఖాతాకూ సాధారణ నిధికీ మధ్య డబ్బు అటూ ఇటూ మారడం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న మన ఊళ్లలో పెద్దగా వినబడదు. హైదరాబాదులో 1989 చట్టంతో జలమండలి విడిగా ఏర్పడింది కనుక అక్కడ అడగడానికైనా వీలుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో నీళ్లిచ్చేది మున్సిపాలిటీయే. నల్లా పన్నూ ఇంటి పన్నూ ఆ ఒక్క ఖజానాకే చేరతాయి. పంపుహౌస్ కరెంటు బిల్లు, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, వీధి దీపాల ఖర్చు అందులోంచే పోతాయి. అలాంటప్పుడు నల్లాలు ఊరిని పోషిస్తున్నాయో, ఊరే నల్లాలను పోషిస్తోందో సామాన్యుడికి తెలిసే దారి లేదు. డబ్బు ఎటు మారినా అభ్యంతరం లేదు గానీ ఎంత మారింది, ఎందుకు మారింది అన్నది కాగితం మీద ఉండి తీరాలన్నదే నా వాదన.

ముందు విడి ఖాతా ఉన్న హైదరాబాదునే చూద్దాం. అక్కడికి కృష్ణా నీళ్లు మన నల్లగొండ జిల్లా కోదండాపూర్ నుంచే వెళ్తాయి. వందకు పైగా కిలోమీటర్లు మజిలీ మజిలీగా ఎత్తిపోసుకుంటూ పోవాలి కాబట్టి కరెంటు ఖర్చు భారీగా ఉంటుంది. 2021 జనవరిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితమన్నారు. పేదింటికి నీళ్లు ఉచితంగా అందడం న్యాయమే. అయితే పంపుల ఖర్చు అందువల్ల తగ్గలేదు, వాడుకదారు మీద నుంచి సర్కారు ఖజానా మీదికి మారింది. ఆ సొమ్ము వేళకు చేరకపోతే మొదట ఆగేది పాత పైపులు మార్చే పని. సరఫరా లేని గంటల్లో లీకైన జాయింటులోంచి మురికి కాలువ నీరు పైపులోకి చొరబడుతుంది. ఖజానా ఎగ్గొట్టిన బాకీ చివరికి పసిపిల్లల విరేచనాలుగా తేలుతుంది. సర్కారీ ఆఫీసులు కట్టని నల్లా బిల్లు కూడా నీటి ఖాతా నుంచి ఖజానాకు జరిగే బదిలీయే. పైపు కోసం తవ్విన రోడ్డును సాధారణ నిధితో పూడ్చడం దీనికి ఎదురు దిశలో జరిగే బదిలీ. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1996లో ఓటర్లు ఆమోదించిన సవరణ ప్రకారం నీటి ఛార్జీ ఆ సేవకయ్యే ఖర్చును మించకూడదు, వేరే పనికి మళ్లించకూడదు. మనకు అంత కట్టడి అక్కర్లేదు, లెక్క బయటపెడితే చాలు.

అంతా ప్రజల సొమ్మే కదా అంటారు. కానీ కట్టేవాళ్లూ అనుభవించేవాళ్లూ ఒకరు కారు. నల్లా రాని శివారు కాలనీ ఇంటి పన్ను కడుతుంది, పైగా ట్యాంకరు కొనుక్కుంటుంది. దాని పన్నుతో ఊరి నడిబొడ్డు నల్లాలకు చవగ్గా నీళ్లిస్తుంటే ఆ సంగతి దానికి చెప్పాలి. చిన్న ఊళ్లలో లెక్కలు చూసే సిబ్బంది లేరన్నది ఇంకో అభ్యంతరం, ఇందులో కొంత నిజముంది. అయినా విడిగా బోర్డు పెట్టమని ఎవరూ అనడం లేదు. 2004 నాటి జాతీయ మున్సిపల్ అకౌంట్స్ మాన్యువల్‌లోనే నీటి సరఫరాకు వేరే పద్దు ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021–26కు ఇలాంటి పట్టణాల గ్రాంటులో 30 శాతాన్ని తాగునీరు, వాననీటి సంరక్షణ, నీటి పునర్వినియోగాలకు ముడిపెట్టింది. ఆ గ్రాంటుకు విడిగా లెక్క రాయగలిగినవాళ్లు నల్లా పన్నుకూ రాయగలరు.

వచ్చే బడ్జెట్ సమావేశానికి ముందే నీటి ఖాతా జమా ఖర్చులను ఒక్క పేజీలో అచ్చువేసి, మున్సిపల్ ఆఫీసు నోటీసు బోర్డులో పెట్టమని మీ వార్డు కౌన్సిలర్‌ను అడగండి.