కోత కూలి నుంచి కోత మేస్త్రి దాకా



చీమకుర్తి పేరు చెబితే చాలు, రాయి తెలిసినవాళ్లు గుర్తుపడతారు. నల్లని రాయి. అందులో బంగారు చుక్కలు. దాన్ని గెలాక్సీ గ్రానైటు అంటారు. ఇక్కడి క్వారీల్లో తీసిన దిమ్మెలు లారీలెక్కి రేవుకు పోతాయి. ఓడలెక్కి చైనా లాంటి దేశాలకు పోతాయి. ఎక్కడో ఎవరి వంటింటి గట్టు మీదో ఆ చుక్కలు మెరుస్తాయి.

మరి ఈ చుట్టుపక్కల ఆడవాళ్లు ఏం పని చేస్తారు? క్వారీలో యంత్రాల పని ఎక్కువగా మగవాళ్లదే. ఆడవాళ్లు పత్తి తీస్తారు. మిరపకాయలు కోస్తారు. పొగాకు గ్రేడు చేస్తారు. "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగితే, "ఏముంది, కూలికి పోతా" అంటారు.

ఆ "ఏముంది" అనే మాట దగ్గర కాసేపు ఆగాలి.

కల్లంలో మిరపకాయలు ఎండుతుంటాయి. ఒక అక్క పిడికెడు కాయలు చేతిలోకి తీసుకుంటుంది. గలగలమంటే ఎండినట్టు. మెత్తగా తగిలితే ఇంకా రెండు ఎండలు కావాలి. తడికాయ గోతానికి ఎత్తితే బూజు పడుతుంది. తాలుకాయ ఏదో, మేలుకాయ ఏదో ఆమె కన్ను చూడగానే చెబుతుంది. తాలు కలిస్తే గుంటూరు యార్డులో ధర పడిపోతుంది. రైతుకొచ్చే డబ్బులో ఆమె వేళ్ల పని కూడా ఉంది. చేతులు భగ్గున మండుతుంటే, కొబ్బరినూనె రాసుకుని నేర్చుకున్న పని అది. అది కూడా ఒక విద్యే కదా!

విద్య ఉంది. లెక్క మాత్రం ఇంకొకరి దగ్గర ఉంది. చిక్కంతా అక్కడే.

ఒక అక్క పది రోజులు కోతకు పోయిందనుకోండి. కిలోకు ఇంత అని మాట. రోజూ కాటా వేశారు. పుస్తకం మేస్త్రి దగ్గర ఉంది. పదో రోజు "నీది 310 కిలోలు" అన్నాడు. ఆమె రోజూ సాయంత్రం తన నోటుపుస్తకంలో రాసుకుంది. కూడితే 340 వచ్చింది. తేడా 30 కిలోలు. అంటే దాదాపు ఒక రోజు కష్టం. మేస్త్రి మోసగాడే కానక్కర్లేదు. ఒక రోజు రాయడం మరిచిపోయి ఉండొచ్చు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది. పుస్తకం లేని అక్క ఏం చేస్తుంది? లోపల గొణుక్కుంటుంది, అంతే.

ఒకే పనికి ఆడా మగా తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. 2019లో చేసిన వేతనాల చట్టంలోనూ ఆ మాట ఉంది. అడగాలంటే ముందు ఎవరికెంత ఇచ్చారో రాసి ఉండాలి.

చదువుకున్న ఆడవాళ్లు ఏం చేయగలరో పక్క జిల్లా నెల్లూరు చూపించింది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడికి పోయారు. సారా మీద పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు. రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడ్డారు. ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. 1992లో అది జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. తర్వాత అదే జిల్లాలో ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచారు. దాన్నే పొదుపు లక్ష్మి అన్నారు. వేలిముద్ర వేసిన చేతులే సంఘం పద్దులు రాశాయి.

మరి కోతల ముఠాకు మేస్త్రి మగవాడే కావాలా? పని తెలిసిన అక్క, లెక్క రాయగల అక్క ఎందుకు కాకూడదు? అయితే ఆ పని సులువేం కాదు. రైతుతో ముందే మాట్లాడాలి. ఎన్ని ఎకరాలు? కిలోకు ఎంత? ఆటో ఖర్చు ఎవరిది? మధ్యలో వాన పడి పని ఆగితే ఏం చేయాలి? అడ్వాన్సు తీసుకుంటే ఎవరికెంత ఇచ్చిందీ రాసి, చదివి వినిపించాలి. లేకపోతే రేపు ఆమె మీదే నింద పడుతుంది.

కుట్టుమిషను నేర్చుకుంటామనేవాళ్లూ ఉన్నారు. మంచిదే. కానీ ఒకే వీధిలో పదిమంది జాకెట్లు కుడితే కుట్టించుకునేది ఎవరు? ముందు ఊళ్లో ఎన్ని మిషన్లున్నాయో లెక్కపెట్టుకోండి. రాయి పాలిషు పట్టేచోట పని దొరికితే కూలి ఒక్కటే అడగొద్దు. దుమ్ము లేవకుండా నీళ్లు పెడుతున్నారా, ముక్కుకు మాస్కు ఇస్తున్నారా అని కూడా అడగండి. రాతి దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. అది నయం కాదు.

ఈ సాయంత్రమే ఒక నోటుపుస్తకం తీయండి. నాలుగు గళ్లు గీయండి. తేదీ, ఎవరి చేలో, ఎన్ని కిలోలు, ఎంత ఇచ్చారు. పుస్తకం కొంగున కట్టుకోవద్దు, చెమటకు అక్షరాలు కరిగిపోతాయి. సద్ది సంచిలో, గిన్నెకు దూరంగా పెట్టుకోండి.