సైకిలుకొక దారి
(అమృతోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠం)



మధ్యధరా సముద్రంలో స్పెయిన్ దేశానికి చెందిన మయోర్కా అనే ద్వీపమున్నది. అక్కడ 1921లో ప్రారంభమైన మనకోర్–ఆర్తా రైలుమార్గం 1977లో మూతపడినది. తరువాతి కాలంలో ఆ రైలుబాటనే సుమారు 29 కిలోమీటర్ల హరితమార్గంగా తీర్చిదిద్దినారు. కార్లకు, లారీలకు అక్కడ చోటు లేదు. పాదచారులు, సైకిలు యాత్రికులు నిర్భయంగా సాగిపోదురు. రైలుబాటకు నిటారైన ఎక్కుళ్ళు ఉండవు గనుక పిల్లలకూ పెద్దలకూ అది సుగమమైనది.

తెలుగునాట కూడ ఇట్టి ప్రయత్నం జరిగినది. 2023 అక్టోబరు 1న హైదరాబాదు బాహ్యవలయ రహదారి వెంబడి, సౌరఫలకాలే పైకప్పుగా, 23 కిలోమీటర్ల సైకిలు మార్గం ప్రారంభమైనది.

ఇక చోరనూరు మాట. ఈ ఊరు సండూరు తాలూకాలోనిది. ఇనుప ఖనిజపు లారీలు తిరుగు సీమ. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో గనుల త్రవ్వకాన్ని నిలిపివేసినది. పిమ్మట నిబంధనలతో గనులు మరల తెరచుకొన్నవి. కర్ణాటక ప్రభుత్వం 2006-07లో ఎనిమిదవ తరగతి పిల్లలకు ఉచిత సైకిళ్ళ పంపిణీ ఆరంభించిన సంగతి తల్లిదండ్రులెరిగినదే. బిడ్డ చేతికి సైకిలు వచ్చినది. సైకిలుకు దారి రావలసియున్నది.

ద్వీపంలోని మార్గం విహారానికి. ఇచ్చట కావలసినది చదువుకు. పొలాల నడుమ బండిబాటను చదును చేసి, ఎడ్లబండి పట్టునంత ఎడముతో రెండు రాతి కూసాలు నాటిన చాలును. లారీ దూరలేదు, రైతుకు ఇబ్బంది ఉండదు.

బడి నుండి బిడ్డ తిరిగివచ్చు వరకు గడపలో ఎదురుచూచు తల్లికి ఇంతకు మించిన ఉత్సవ కానుక ఏమున్నది?