ధరకు ముందు తరుగు అడుగవలెను

(ఆన్‌లైన్ వర్తకుల సదస్సులను గూర్చి వైరాలో పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



పట్టణములలో ఆన్‌లైన్ వర్తకులు తరచు సదస్సులు జరుపుకొనుచున్నారు. ఫోనులో సరకు చూపి అమ్మువారు, ఆ సరకును ఇంటింటికి చేర్చువారు, పెట్టెలు కట్టువారు, సొమ్ము చెల్లింపులు చూచువారు అందరును అచట ఒక్కచోట చేరుదురు. మన గ్రామైక్య సంఘముల స్త్రీలకును, రైతు సంఘములకును ఇట్టి సదస్సులకు పిలుపులు వచ్చుచున్నవి. అచటికి మన ఊరినుండి ఎవరు పోవలెను, పోయి ఏమి అడుగవలెను, తిరిగివచ్చి ఏమి చెప్పవలెను అను మూడు విషయములు మీతో ముచ్చటించుటకు వచ్చితిని.

మనకు తెలిసిన అంగడి

ఖమ్మము మార్కెట్టుకు మిర్చి బస్తాలు తోలుకొనిపోయిన రైతులు మీలో ఎందరో కలరు. అచట పలికిన ధర వేరు, చేతికి వచ్చిన సొమ్ము వేరు అని మీకు ఎవరును చెప్పనక్కరలేదు. నడుమ అడతి కలదు, హమాలీ కలదు, కాటావద్ద తరుగు కలదు. అనుభవముగల రైతు ధర విని సంతోషింపడు. పట్టీ చూచిన పిమ్మటనే సంతోషించును.

వైరా దాటి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెము, భద్రాచలము వైపు సాగినకొలది అడవి దగ్గరపడును. ఆ అడవి పల్లెల సంతలలో చింతపండు, తేనె, కుంకుడుకాయ వర్తకుడు చెప్పిన తూకమునకు, చెప్పిన ధరకు పోవుచుండిన కాలము ఒకటుండెను. ఆ దోపిడినుండి గిరిజనులను కాపాడుటకే 1956లో విశాఖపట్టణము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. సంతలో మనిషికి కావలసినది ధర ఒక్కటే కాదు, నమ్మదగిన కాటాయు కావలెనని ఆనాటి పెద్దలు గ్రహించిరి. ఆన్‌లైన్ అంగడి కూడ ఒక సంతయే. దాని కాటా మన కంటికి కానరాదు; అంతే భేదము.

కంటికి కానరాని తరుగు

మాటవరుసకు ఒక లెక్క వేయుదము. అరకిలో తేనె సీసా 300 రూపాయలకు అమ్ముడుపోయినదనుకొనుడు. సంస్థ కమీషను నూటికి 15 చొప్పున 45 రూపాయలు. అట్టపెట్టె, కట్టుబడి 20. రవాణా 60. సరకు పదిమంది కంటబడునట్లు చేయుటకు ప్రకటన ఖర్చు 15. మనకు మిగిలినది 160 రూపాయలు. తేనెయు సీసాయు కలిసి 130 పడినచో లాభము 30 రూపాయలు.

పది సీసాలలో ఒక్కటి త్రోవలో పగిలి వాపసు వచ్చినదనుకొనుడు. తొమ్మిదింటిమీద వచ్చినది 1,440. పగిలిన దానికి కట్టుబడి, పోకడ కిరాయి, రాకడ కిరాయి, ప్రకటన కలిసి 155 మనమీదనే పడినచో మిగిలినది 1,285. పది సీసాలకు మన పెట్టుబడి 1,300. అనగా 300 రూపాయల ధర పలికియు సంఘమునకు 15 రూపాయలు నష్టము! పదింట ఒక్క సీసా తొమ్మిది సీసాల లాభమును మ్రింగివేసినది. పన్నుల మాట ఇందులో ఇంకను చేర్చలేదు. ఈ అంకెలు సంస్థనుబట్టి, సరకునుబట్టి మారును. లెక్క వేయు పద్ధతి మాత్రము మారదు.

ఒక సదస్సులో నేను చూచినది

కొన్ని ఏండ్ల క్రిందట హైదరాబాదులో ఇట్టి సదస్సునకు నేనును పోయితిని. అడవి పల్లెనుండి ఇరువురు సంఘ స్త్రీలు కూడ వచ్చిరి. మొదటి దినమంతయు ఉపన్యాసములతో గడచినది. లక్షల కొలది కొనుగోలుదారులు మీకొరకు వేచియున్నారని ప్రతి వక్తయు చెప్పెను. సాయంకాలమునకు మా చేతులలో మిగిలినవి గుడ్డసంచులు, కరపత్రములు.

రెండవనాడు ముఖాముఖి. ఒక్కొక్క బల్లవద్ద పదేసి నిమిషములు మాత్రమే గడువు. ఒక బల్లవద్ద కూర్చున్న యువకుడు తేనె మచ్చు చూచి మెచ్చుకొని, అప్పటికప్పుడే ఫోనులో సంతకము చేయుడని కోరెను. అందులకు ఆ స్త్రీలలో పెద్దామె, “సీసా పగిలి వాపసొస్తే కిరాయి ఎవరిదయ్యా? పోయేదానికీ మాదేనా, వచ్చేదానికీ మాదేనా?” అని అడిగినది. అతడు వెంటనే జవాబు చెప్పలేకపోయెను. లోపలికి పోయి తన పై అధికారిని పిలుచుకొనివచ్చెను. దినమంతటి ఉపన్యాసములలో మాకు తెలియనిది ఆ ఒక్క ప్రశ్నతో తెలిసినది: రెండు కిరాయిలును మావే! ఆమె సంతకము చేయక, షరతుల కాగితము అడిగి తీసికొని ఇంటికి వచ్చినది. ఆమె చదివినది అయిదవ తరగతి.

అడుగవలసిన ప్రశ్నలు

మొదటిది: సంస్థ మన సరకును తానే కొనునా, లేక మన పేర అమ్మిపెట్టునా? తానే కొన్నచో, ఉద్యమ్ నమోదుగల చిన్న ఉత్పత్తిదారునకు ఒప్పందమున ఏ గడువు వ్రాసికొన్నను 45 దినములలో సొమ్ము చెల్లింపవలెనని 2006 నాటి చట్టము చెప్పుచున్నది. అమ్మిపెట్టునదైనచో సొమ్ము ఎన్నిదినములకు మన ఖాతాలో పడునో విడిగా అడుగవలెను.

రెండవది: కమీషను, రవాణా, నిలువ ఖర్చు, ప్రకటన, వాపసు, వీటిలో ఏది ఎవరిది? నోటిమాట చాలదు, కాగితము కావలెను. ఒకే రకపు అమ్మకందారులలో కొందరికి ప్రత్యేకత చూపునట్లయిన సంస్థ తన షరతులలో దానిని వివరింపవలెనని 2020 నాటి ఇ-కామర్స్ నియమములలో కలదు.

మూడవది: ఏ ఊళ్లకు అమ్ముదుము? అమ్మకములు జీఎస్‌టీ పరిమితికి లోబడియున్న చిన్న అమ్మకందారు రాష్ట్రము లోపలనే ఆన్‌లైన్ సంస్థద్వారా సరకు అమ్ముకొనుటకు 2023 అక్టోబరు 1 నుండి జీఎస్‌టీ రిజిస్ట్రేషను అక్కరలేదు. పాన్‌తో నమోదు సంఖ్య పొందిన చాలును. పొరుగు రాష్ట్రమునకు అమ్మిన రిజిస్ట్రేషను కావలెను. మనకు తిరువూరు కూతవేటు దూరమే కావచ్చును, కాని అది పొరుగు రాష్ట్రమని మరువరాదు.

నాలుగవది: మన సీసామీద ఏమేమి ఉండవలెను? తినెడి సరకైనచో ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల సంఖ్య, నికర తూకము, గరిష్ఠ ధర, తయారీ వివరములు, ఫిర్యాదుకు చిరునామా ఉండవలెను. తేనెలో తేమ నూటికి 20 పాళ్లు మించరాదు. ఇవి లేని సరకుతో సదస్సుకు పోవుట విత్తనము లేక పొలమునకు పోవుటయే.

అయిదవది: ఒక్క సంస్థనే నమ్ముకొనవలెనా? 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ చొరవతో ఏర్పడిన ఓఎన్‌డీసీ స్వయముగా అంగడి కాదు. అంగళ్లను, కొనువారిని, రవాణాదారులను కలుపు బాట. ఒకచోట నమోదైన అమ్మకందారు సరకు పలు యాప్‌లలో కనబడవచ్చును. అచటకూడ తరుగు అడిగియే చేరవలెను.

ఎవరు పోవలెను?

పెద్దమనిషి గనుక సర్పంచి, తోడు గనుక ఆయన బావమరది పోవుట మన ఊళ్లలో కలదు. ఇది తగదు. సరకు చేయు చేతులొకటి, లెక్క వ్రాయు చేతులొకటి పోవలెను. సంఘమే తీర్మానించి ఇరువురిని ఎన్నుకొనవలెను. అందొకరైనను స్త్రీ కావలెను. అడవి ఫలసాయమైనచో ఇంకొక మాట కలదు. షెడ్యూల్డు ప్రాంతములలో చిన్నతరహా అటవీ ఫలసాయముపై యాజమాన్యము గ్రామసభది అని 1996 నాటి పెసా చట్టము చెప్పుచున్నది. ఆ సరకును గూర్చి ఒప్పందము గ్రామసభ ఎరుకలేక జరుగరాదు.

మనవారికి ఇది చేతకాదని ఎవరును అనవలదు. ఒకనాడు పొలములలో కూలిపని చేసిన భద్రాచలము స్త్రీలు చిరుధాన్యములతో బిస్కట్లు చేసి “భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్” పేర అమ్ముచున్నారని, అవి హైదరాబాదునుండి లండనువరకు పోవుచున్నవని ప్రధానమంత్రి 2025 జూన్ 29 నాటి రేడియో ప్రసంగమున చెప్పిరి. మన ఊళ్లలో మిర్చి కలదు, మామిడి కలదు, పచ్చడి పెట్టు చేతులు కలవు. లేనిది లెక్క అడుగు అలవాటు మాత్రమే.

తిరిగివచ్చిన పిమ్మట

పోయివచ్చినవారు వారము దినములలో గ్రామసభలో నిలువబడి మూడు మాటలు చెప్పవలెను: ఎవరిని కలిసితిమి, ఏ కాగితము తెచ్చితిమి, మన సరకుమీద తరుగు ఎంత. షరతుల కాగితమును తెలుగులో చదివి వినిపింపవలెను. మొదట కొద్ది సీసాలు మాత్రమే పంపి, మూడు నెలలు పట్టీ వ్రాసి, లాభము తేలిన పిమ్మటనే పెద్ద ఒప్పందమునకు పోవలెను. వ్యాపారము చేయుట పంచాయతీ పని కాదు. అయినను ఈ మూడు మాటలు సభలో చెప్పించుట పంచాయతీ పనియే.

1956లో పెద్దలు సంతలో నమ్మకమైన కాటా నిలుపబూనిరి. నేటి సంతకు ఆ కాటా మన ప్రశ్నయే. ధర చెప్పువాడు ఎక్కడనైనను దొరకును. తరుగు అడుగువారిని మాత్రము మన ఊరే పంపవలెను.