మనుష్యులకు చెప్పిన ‘ద’



పరదేవతకు నమస్కరించి, గురుచరణములను స్మరించి, ఈ పూట మానవస్వభావమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

ప్రవచనము ముగిసిన పిమ్మట పెద్దలు మా వద్దకు వచ్చి తరచుగా అను మాట ఒకటి కలదు. “కాలము చెడిపోయినదండీ! మునుపటి మనుష్యులు లేరు, మునుపటి మర్యాదలు లేవు. అంతయు కలి ప్రభావము” అని నిట్టూర్చుచుందురు. ఆ నిట్టూర్పులోని బాధ నిజమైనదే. కాని నేరమంతయు కాలము నెత్తిన వేసి మనము చేతులు దులుపుకొనుట న్యాయమా? కాలమునకు ఆశ లేదు, కోపము లేదు, కడుపు లేదు. ఆ మూడును మనకున్నవి. కనుక రోగము ఎక్కడ ఉన్నదో అక్కడనే వెదకవలెను.

పూర్వులందరును సత్పురుషులు, నేటివారందరును దుర్మార్గులు అనుకొనువారు వేదమును ఒకసారి తెరచి చూడవలెను. ఋగ్వేదము పదవ మండలములో 34వ సూక్తమునకు అక్షసూక్తమని పేరు. అది జూదరి గోడు. పాచికలకు బానిసయైన వానిని భార్య విడిచిపోయినది. అత్తగారు అసహ్యించుకొనుచున్నది. తల్లి ఏడ్చుచున్నది. అప్పులపాలైనవాడు రాత్రివేళ పరుల ఇండ్ల చుట్టు తిరుగుచున్నాడు. ఇక ఆడనని ఒట్టు పెట్టుకొనును, పాచికల చప్పుడు వినబడగానే మరల పరుగెత్తును. చివరకు ఆ సూక్తము వానికి చేయు హితబోధ యేమనగా, జూదము మాని పొలము దున్నుకొని ఉన్నదానితో సుఖపడుమని. వేల ఏండ్ల నాటి ఈ మాటలు నేటి మన వీధిలోని ఇంటి కథ వలె లేవా? నాడు జూదమునకు ఊరి సభామండపమునకు పోవలసి యుండెను, నేడు సెల్‌ఫోనులో జూదపుటిల్లు అరచేతికి వచ్చినది. ఆన్‌లైన్ జూదమును అరికట్టుటకు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చట్టములను సవరించిరి. 2025లో కేంద్రమును పణము పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు చట్టము చేసినది. సాధనము క్రొత్తది, ఆశ పాతదే. కావున మానవస్వభావము ఈ నడుమ క్రొత్తగా చెడినది కాదు. దానికి పట్టు రోగమును, దానికి మందును ఋషులకు ముందే తెలియును.

ఆ మందు శుక్లయజుర్వేదమునకు చెందిన బృహదారణ్యకోపనిషత్తులో, ఐదవ అధ్యాయము రెండవ బ్రాహ్మణములో ఉన్నది. ప్రజాపతికి మూడు తెగల సంతానము: దేవతలు, మనుష్యులు, అసురులు. ముగ్గురును తండ్రి వద్ద బ్రహ్మచర్యముతో వసించిరి. గడువు ముగిసిన పిదప మొదట దేవతలు వచ్చి ఉపదేశము కోరిరి. ప్రజాపతి ‘ద’ అను ఒక్క అక్షరము పలికి, తెలిసినదా యని అడిగెను. ఇంద్రియములను అణచుకొనుడని తమకు దమమును చెప్పినట్లు వారు గ్రహించిరి. తరువాత మనుష్యులు వచ్చిరి. వారికిని ఆ అక్షరమే. ఇచ్చుడని తమకు దానమును చెప్పినట్లు వీరు గ్రహించిరి. చివరకు అసురులు వచ్చిరి. మరల అదే అక్షరము. జాలి చూపుడని తమకు దయను చెప్పినట్లు వారు గ్రహించిరి. మూడు సమాధానములను ప్రజాపతి సరియేనని ఒప్పుకొనెను. నేటికిని ఆకాశమున మేఘము ఉరిమినప్పుడు ఆ దైవవాక్కే మూడుమార్లు వినబడుచున్నదని ఉపనిషత్తు చెప్పుచున్నది.

అక్షరము ఒక్కటే అయినప్పుడు అర్థములు మూడు ఎట్లు వచ్చినవి? ఎవరి లోపము వారికి తెలియును గనుక. భోగములలో మునిగిన దేవతలకు తమ నిగ్రహలోపము, హింసకు అలవాటుపడిన అసురులకు తమ క్రూరత్వము స్ఫురించినవి. మనుష్యులకు తమ లోభము స్ఫురించినది. గురువు గద్దింపకయే శిష్యుడు తన తప్పును తాను పట్టుకొనుట ఇందలి విశేషము.

శ్రీ శంకరభగవత్పాదులు ఈ ఘట్టమునకు భాష్యము వ్రాయుచు మరియొక మెట్టు ఎక్కించిరి. దేవతలు, అసురులు అనువారిని మనుష్యులలోనే చూడవచ్చునని వారి వివరణ. సద్గుణములున్నను నిగ్రహము లేనివారు దేవతలు, లోభము ప్రధానముగా గలవారు మనుష్యులు, పరులను హింసించు క్రూరులు అసురులు. కావున మూడు ఉపదేశములును మనకే. గీతలో పదునారవ అధ్యాయము దైవసంపద యని ఇరువదియారు గుణములను, ఆసురసంపద యని ఆరు గుణములను లెక్కించినది. ఆ రెండు పద్దులును ఒక్క మనస్సులోనివే. ఉదయము దేవుని ముందు దీపము పెట్టు చేయియే, మధ్యాహ్నము పొలము గట్టున సరిహద్దు రాయిని జరుపుట మనమెరుగనిది కాదు.

అయినను మనుష్యజాతికి ప్రత్యేకముగా దానమునే విధించిరి. లోభమనగా ఏమి? లేమి వలన కలుగునది లోభము కాదు. ఆకలిగొన్నవాడు అన్నము కోరుట న్యాయమే. తనకు చాలిన తరువాతను చేయి మూసికొనుటయే లోభము. దుర్యోధనునకు ఏమి తక్కువైనది? హస్తినాపురము తనదే, భండారము తనదే. పాండవులు చివరకు ఐదూళ్లు చాలునన్నను, సూదిమొన మోపినంత నేలయైనను ఇయ్యననెను. ఆ పిడికిలి విప్పనందులకు పదునెనిమిది అక్షౌహిణులు పదునెనిమిది దినములలో నేలకూలినవి. కురుక్షేత్రమునకు మూలము ఒక ఇంటిలోని పంపకము అని మనము మరువరాదు.

అట్టి పంపకములు నేడు ఇంటింట జరుగుచున్నవి. పొలము, ఇల్లు, బంగారము పంచుకొన్న పిమ్మట తల్లిదండ్రులను గూడ పంచుకొనుచున్నారు. తల్లి పెద్దవాని వద్ద, తండ్రి చిన్నవాని వద్ద. లేదా నెల వంతులు. ముప్పదియొకటవ దినమున్న నెలలో ఆ ఒక్క పూట అన్నము ఎవరు పెట్టవలెనని తగవు! విద్య ముగించి ఇంటికి పోవు శిష్యునకు తల్లిని, తండ్రిని దైవముగా చూడుమని తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి బోధించినది. ఆ బోధ పుట్టిన దేశములో 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము చేయవలసి వచ్చినది. దాని ప్రకారము పోషణ లేని తల్లిదండ్రులు ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనవచ్చును. పోషింపవలెనను షరతుతో వ్రాసి ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినచో రద్దు చేయించుకొనవచ్చును. వృద్ధులను దిక్కులేక విడిచిపెట్టినవారికి మూడు నెలల వరకు ఖైదు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. చట్టము మంచిదే, అవసరమైనదే. దిక్కులేని పెద్దలు దానిని వినియోగించుకొనుటలో సిగ్గుపడవలసినది లేదు. కాని ట్రిబ్యునలు అన్నము పెట్టించగలదు, “అమ్మా, తిన్నావా?” అని అడిగించలేదు.

ఇచ్చట పెద్దలకును ఒక మాట చెప్పవలసి యున్నది. పిల్లలు లోభమును ఎక్కడ నేర్చిరి? ఆకాశము నుండి ఊడిపడలేదు. బడికి పోవు బిడ్డ చేతిలో పలహారపు డబ్బా పెట్టి “ఎవరికిని పెట్టకు, నీవే తిను” అన్నది ఎవరు? మార్కులలో ప్రక్కవానిని మించుటయే చదువని చెప్పినది ఎవరు? కోడలు తెచ్చిన కట్నమును లెక్కించుచుండగా కొడుకు ప్రక్కనే నిలిచి చూచుచుండెను. వరకట్న నిషేధ చట్టము 1961లోనే వచ్చినది. చట్టమును తెలిసియే కదా ఆ లెక్క జరిగినది! ఇరువది ఏండ్లు తీసికొనుటయే నేర్పి, ఇరువదియొకటవ ఏట ఇచ్చుట రాలేదని వగచుట తగదు. విత్తిన గింజయే మొలచును.

ఇల్లు దాటి ఊరికి వత్తము. మన పూర్వులు సప్తసంతానములని ఏడింటిని చెప్పిరి: చెరువు, నిధి, అగ్రహారము, దేవాలయము, వనము, కావ్యము, పుత్రుడు. ఈ ఏడింటిలో కన్నకొడుకు ఒక్కడే తనవాడు. తక్కిన ఆరును ముక్కు మొగము తెలియని పరులకు ఉపయోగపడునవి. మనుష్యుడు పోయిన తరువాత నిలుచునది ఇచ్చినదే యని దాని భావము. కాకతీయుల కాలమున రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప దేవాలయమును ప్రతిష్ఠించెను. ఆ గుడి చెంతనే పెద్ద చెరువు కలదు. దేవునికి గుడి, ఊరికి నీరు. 2021లో ఆ గుడి ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందినది. చెరువు నీరు పొలములకు పారుచునే యున్నది. అట్టి వంశములో పుట్టి మనమేమి చేయుచున్నాము? చెరువు శిఖమును ప్లాట్లుగా కోసి అమ్ముకొనుచున్నాము, వాగు పోవు దారిలో గోడ కట్టుచున్నాము. 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోను నీరు ఇండ్లలోనికి వచ్చినప్పుడు ఎందరో సామాన్యులు కట్టుబట్టలతో మిగిలిరి. వాన ఎక్కువగా కురిసిన మాట నిజము. దాని దారిని మనము ఆక్రమించిన మాటయు నిజము. ఆక్రమించినవాడొకడు, మునిగినవాడు మరియొకడు. లోభము చేయు అన్యాయము ఇట్టిది.

దానమనగానే ఉన్నవాడు లేనివానికి చేయు ఉపకారమని తలచుట పొరపాటు. పుట్టుకతోడనే మనుష్యునకు ఋషిఋణము, దేవఋణము, పితృఋణము ఉన్నవని వేదము. ఋణస్థుడు పైకము కట్టి దాతనని గర్వించునా? ఋగ్వేదము పదవ మండలములోనే 117వ సూక్తము అన్నదానమును గూర్చినది. ధనము రథచక్రము వలె ఒకనిని విడిచి మరియొకనిని చేరుచుండునని, ఒంటరిగా తినువాడు పాపమునే తినుచున్నాడని దాని తాత్పర్యము.

మేము వేదము చదువుకొన్న దినములలో పాఠశాల విద్యార్థులకు వారములు ఉండెడివి. ఏడు దినములకు ఏడు ఇండ్లు. బుధవారము మాకు అన్నము పెట్టిన తల్లి విస్తళ్లు కుట్టి అమ్ముకొని బ్రతికెడిది. ఆమె ఇంట కూర ఉండెడిది కాదు, పచ్చడి, మజ్జిగ మాత్రమే. అయినను వడ్డించి, మేము తినునంతసేపు పీట ప్రక్కన కూర్చుండి, ఆ వారము చెప్పుకొన్న పనసను వల్లింపుమనెడిది. ఆమెకు అక్షరము రాదు. నేడు మా నోట నాలుగు వేదాక్షరములు నిలిచియున్నవన్నచో అందులో ఆ మజ్జిగ అన్నమునకు వాటా కలదు. వేదమును కాపాడినవారిలో పండితులెందరో, అట్టి తల్లులును అందరే.

గోదావరి లంకలలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చిన బాటసారికిని అన్నము పెట్టి ఆంధ్రదేశమున అన్నపూర్ణ యనిపించుకొనిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడి పిల్లల మధ్యాహ్న భోజనమునకు ఆమె పేరు పెట్టినది. తిరుమలలో 1985లో ఆరంభమైన నిత్యాన్నదానము 2011 నుండి తరిగొండ వెంగమాంబ పేరిటి భవనములో సాగుచున్నది. ఆ పంక్తిలో కూర్చున్నవానిని నీవెవరవని ఎవరును అడుగరు.

ఇచ్చు విధమును గూడ శిక్షావల్లి నేర్పినది: శ్రద్ధతో, సిగ్గుతో, భయముతో ఇయ్యవలెనని. ఇంతేకదా ఇచ్చితినని సిగ్గు, అహంకారము కలుగునేమో యని భయము. ఫ్యానుకు రెక్కకొక పేరు వ్రాయించుకొనుచున్న మనము ఈ మాటను తలచవలెను. స్వామి హుండీలో కానుక వేయుట మంచిదే. కాని కన్నతల్లి ఇంట మందులకై ఎదురుచూచుచుండగా హుండీ నింపుటను స్వామి మెచ్చడు.

కావున ప్రతి గృహస్థుడును ఒక చిన్న నియమము పట్టవలెను. దినమునకు ఒక్కసారి, తన ముద్దకు ముందు, ఏదో ఒకటి ఇయ్యవలెను. గుప్పెడు బియ్యము కావచ్చును, పక్షులకు నీరు కావచ్చును, వృద్ధులతో గడియ సేపు మాటలు కావచ్చును, తగవులో ఉన్న తమ్మునికి ఒక గట్టు వెడల్పు నేల కావచ్చును. దానిని పిల్లవాని చేతితో ఇప్పించవలెను. మూసిన పిడికిలి ఒక్కనాట విప్పుకొనదు. నిత్యము కొంచెము కొంచెముగా విప్పవలెను. సమాజము బాగుపడుట యనగా ఇట్టి చేతులు ఊరికి పది పెరుగుటయే.

ఈ వర్షఋతువులో మేఘము ఉరిమినప్పుడు, పిడుగు పడునేమో యని చెవులు మూసికొనక, ఒక్క క్షణము ఆలకింపుడు. అది మన తండ్రి మాట. మన వంతుకు వచ్చిన అక్షరము మనకు తెలియును.

ఆ పరమేశ్వరుడు మీ ఇండ్ల అన్నసమృద్ధిని, దానిని పంచి తిను బుద్ధిని అనుగ్రహించుగాక!

స్వస్తి.