సౌత్ డౌన్స్‌లో సేవా నడక

ఇంగ్లండ్‌లో మంచి పనికి విరాళాలు పోగుచేయాలంటే చాలామంది ఎంచుకునే మార్గం నడక. అలాంటి నడకల్లో పేరున్నది ట్రెయిల్‌వాకర్. 1981లో హాంకాంగ్‌లో, బ్రిటిష్ సైన్యంలోని నేపాలీ గూర్ఖా సైనికుల శిక్షణగా మొదలైన ఈ నడకకు తర్వాత సేవాసంస్థ ఆక్స్‌ఫామ్ తోడైంది. ఇంగ్లండ్‌లో దీన్ని సౌత్ డౌన్స్ కొండల మీద నిర్వహించారు. జట్టుకు నలుగురు, దూరం 100 కిలోమీటర్లు, గడువు 30 గంటలు.

జట్లు పొద్దున్నే బయలుదేరేవి. కాళ్ల కింద తెల్లని సుద్దనేల. వాన పడిందంటే జారుడే. ఇరువైపులా గొర్రెలు మేసే బీళ్లు, గోధుమ చేలు. గుర్తించిన కాలిబాట రైతు పొలంలోంచి పోయినా, దానిమీద నడిచే హక్కును అక్కడి చట్టం అందరికీ ఇచ్చింది. మూసి ఉన్న గేటును దాటాక మళ్లీ మూయడం నడిచేవారి మర్యాద.

మధ్యాహ్నానికి అరికాళ్లు బొబ్బలెక్కేవి. మజిలీల దగ్గర సహాయకులు నీళ్లు, వేడి టీ, పొడి మేజోళ్లు అందించేవారు. చీకటి పడ్డాక నడిచేవారు తలకు దీపం కట్టుకుని ముందుకు సాగేవారు. జట్టులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి వేగమే మిగతా ముగ్గురి వేగం. ఈ నడకకు నిజమైన అందం అదే.

బంధుమిత్రులు ఇచ్చిన విరాళాలు ఆక్స్‌ఫామ్‌కు, నేపాల్‌లోని మాజీ గూర్ఖా సైనికులను ఆదుకునే ట్రస్టుకు చేరాయి. దాత పన్ను కట్టేవారైతే, బ్రిటన్‌లో ప్రతి పౌండుకు ప్రభుత్వం మరో 25 పెన్నీలు కలుపుతుంది.

మీ ఊరి బడికో, ఆసుపత్రికో సాయం కావాలా? నలుగురు కలిసి నడవండి. పదిమందీ తప్పక చేయి కలుపుతారు.