ఇంజను విప్పకముందే లోపల చూచుట

(లక్సెట్టిపేట ప్రాంత రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



నేను వరి, ప్రత్తి సేద్యమును గూర్చి చెప్పవలసినవాడను. ఈనాడు ఇంజనును గూర్చి మాట్లాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మన ప్రాంతములో నారు వయసు, నాటు తేదీ ఇప్పుడు ట్రాక్టరు చేతిలో నున్నవి. కడెం కాలువకు నీరు వచ్చిన తరువాత జన్నారం, దండేపల్లి, లక్సెట్టిపేట మండలములలో కరిగెట దున్నుట కొద్ది వారములలోనే ముగియవలెను. పంటకాలము నెల ఒక్కింటికి నారు వయసు ఒక వారము చొప్పున లెక్కించుట వాడుక. అనగా 120 రోజుల రకమునకు నాలుగు వారముల నారు. సరిగా ఆ సమయములో ట్రాక్టరు షెడ్డులో పది పన్నెండు రోజులు పడియున్నచో నారు మడిలోనే ముదిరిపోవును. ముదురు నారు పిలకలు తక్కువ వేయును. కిరాయికి మరొక బండిని పిలుతమన్నను అందరి పొలములు ఒకేసారి తడియును గదా!

మా యింట జరిగిన సంగతి చెప్పెదను. మా పెద్దనాయన ట్రాక్టరు ఒక యేడు నల్లపొగ విడువసాగెను. కేజ్‌వీల్సు వేసి పొలములో దింపగానే గుంజలేకపోయెను. “ఇంజను బోరుకు వచ్చినది” అని షెడ్డువారు చెప్పిరి. ఇంజను విప్పి కొత్త లైనర్లు, పిస్టన్లు, రింగులు వేసిరి. సొమ్ము పోయెను, పదిహేను దినములు పోయెను, పొగ మాత్రము పోలేదు. తుదకు తేలినదేమనగా, ఒక ఇంజెక్టరు నాజిలు డీజిలును తుంపరగా చిమ్ముటకు మారుగా చుక్కలు చుక్కలుగా కార్చుచున్నది. నాడు తీసిపారవేసిన లైనరు ఇదిగో, ఈ బల్లమీద నున్నది. లోపలి గోడను చూడండి. ఈత చాప అల్లికవలె ఏటవాలుగా ఒకదానినొకటి కోయుచు సన్నని గీతలు కనబడుచున్నవి. ఇవి దెబ్బలు కావు. లైనరు తయారు చేయునప్పుడు హోనింగు చేసి, ఆయిలు నిలుచుటకై కావలెనని వేసిన గీతలు. ఇవి ఇంత స్పష్టముగా నున్న లైనరును అరిగినదని తీసివేయుట దండుగ. షెడ్డువారు మోసము చేసిరని నేననను. పొగనుబట్టి ఊహించిరి. విప్పిన పిమ్మటనైనను ఒకసారి గోడవంక చూచియుండవలసినది.

విప్పకుండ ఆ గోడను చూపు సాధనమును గూర్చియే నా మాట. దుకాణములలో దీనిని ఎండోస్కోప్ కెమెరా, బోర్‌స్కోప్ అని పిలుతురు. మనము గొట్టపు కెమెరా అందము. వైద్యులు కడుపులోనికి పంపు గొట్టమునకు ఇది తమ్ముని వంటిది. వంగు గాజుపోగుల కట్టద్వారా బొమ్మను చూడవచ్చునని 1954లో లండనునందు హాప్కిన్స్‌తో కలిసి ప్రకటించినవాడు మన దేశమున మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. నేడు మనకు దొరకు చౌక సాధనములలో గాజుపోగులు లేవు. తీగ చివర జొన్నగింజ కంటె కొంచెము పెద్దదైన కెమెరా, దానిచుట్టు చిన్న దీపములు, రెండవ కొనయందు తెర, ఇంతియే.

కొనునప్పుడు మొదట చూడవలసినది లావు. డీజిలు ఇంజనులో లోపలికి దారి ఇంజెక్టరు రంధ్రమే. అది పైన వెడల్పుగా నుండి, సిలిండరులోనికి పోవు చోట సన్నమగును. 8 మిల్లీమీటర్ల కెమెరా పెక్కు ఇంజనులలో అక్కడనే ఆగిపోవును. 5.5 మిల్లీమీటర్లది చాలావరకు పోవును. 4 మిల్లీమీటర్ల లోపువి కూడ దొరకును. మీ బండి ఇంజెక్టరును ఎప్పుడైన తీసినప్పుడు నాజిలు కొన ఎంత లావున్నదో కొలిచి వ్రాసియుంచుకొనండి. ఆ కొలత లేకుండ దుకాణమునకు పోవలదు. కొన్ని మినీ ట్రాక్టర్లలో ఇంజెక్టరు క్రింద వేరొక చిన్న గది యుండును. వాటిలో ఎంత సన్నని కెమెరాయైనను పిస్టను దాక పోదు.

రెండవది చూపు దిక్కు. నేరుగా ముందునకే చూచు కెమెరాను పైనుండి దింపినచో పిస్టను తల మాత్రమే కనబడును. మనకు కావలసిన లైనరు గోడ ప్రక్కన నున్నది. కనుక ప్రక్కన రెండవ కన్ను ఉన్నది తీసికొనవలెను. కొనకు తగిలించు చిన్న అద్దమును కొందరు ఇత్తురు గాని అది ఇంజనులో ఊడిపడినచో అద్దము కొరకు హెడ్డు దింపవలసి వచ్చును. ప్రక్క కన్నుతో కూడ వాల్వుల అడుగుభాగము కనబడదు, ఏలననగా వాల్వులు మనము దిగిన కప్పులోనే యున్నవి. వాటిని చూచుటకు కొన వెనుకకు తిరుగు కెమెరా కావలెను. దాని ధర చాల హెచ్చు. అది షెడ్డువారు కొనవలసినది, రైతు కాదు.

ఫోనుకు తగిలించునది అన్నిటికంటె చౌక. అయితే దానికి యాపు వేసికొనవలెను. మీ ఫోనులోని పేర్లు, నంబర్లు చూచుటకు అనుమతి అడుగు యాపు ఏదైనను ఇంజను చూచుటకు కాదని గ్రహించి తీసివేయండి. వైఫై ద్వారా బొమ్మ పంపునది కదలికకు కొంచెము వెనుకబడును, చేయి ఒకచోట, బొమ్మ ఒకచోట. సొంత తెర కలది ధర కొంత ఎక్కువైనను ఎండలో, జిడ్డు చేతులతో పని చేయువారికి అదియే మేలని నా అభిప్రాయము. పెట్టెమీద వ్రాసిన పెద్ద పెద్ద పిక్సెలు అంకెలను నమ్మి ఎక్కువ ఇయ్యవలదు. తీగ ఒక మీటరు చాలును. వంచిన వంపు నిలుచు గట్టి తీగయై యుండవలెను. పది మీటర్ల మెత్తని తీగ సిలిండరులో దారి తప్పును. దానిని బోరుబావిలో దింపవచ్చునా అని కొందరు అడుగుదురు. ఆ పనికి వేరే బరువైన కెమెరాలు గలవు, ఇది దానికి కాదు. పెట్టెమీద ఐపీ67 అని యున్నచో మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకొనునని అర్థము. నీటికే ఆ మాట, డీజిలుకు, ఆయిలుకు కాదు.

ఇంటికి తెచ్చినవెంటనే ఇంజనులోనికి పోవలదు. ఒక వడ్లగింజను అంగుళము దూరములో పెట్టి చూడండి, తరువాత అరంగుళములో పెట్టి చూడండి. దగ్గరికి జరిగినకొద్దీ గింజ గుమ్మడికాయ అగును. ఇంజనులోను ఇట్లే వెంట్రుక వంటి గీత నాగటిచాలువలె కనబడి గుండె జారును. గీత లోతును ఈ కెమెరా కొలువదు, చూపును, అంతే. ఇంకొక సంగతి, చౌక కెమెరాలకు చూపు దూరము బిగించియుండును. మరీ దగ్గరనైనను, మరీ దూరమునైనను బొమ్మ మసకబారును. ఏ దూరములో తేటగా నున్నదో వడ్లగింజతోనే తెలిసికొనవచ్చును.

ఇంజెక్టరు తీయకముందు చేయదగిన పరీక్ష ఒకటి గలదు. నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచునది అదియే. ఎయిర్ ఫిల్టరు నుండి ఇంజనుకు పోవు రబ్బరు గొట్టమును ఇంజను వైపున ఊడదీసి కెమెరాను పంపండి. గొట్టము లోపల పొడిగా, శుభ్రముగా నుండవలెను. సన్నని మట్టిపొర కనబడినచో ఫిల్టరు దాటి దుమ్ము పోవుచున్నదని అర్థము. క్లిప్పు వదులైనదో, గొట్టము పగిలినదో, ఫిల్టరు సరిగా కూర్చుండలేదో చూడవలెను. వేసవిలో చెలకలలో రోటవేటరు వేయు బండ్లు, మక్కలు పట్టు మిషనుకు కట్టు బండ్లు ఈ దుమ్మునకు ఎక్కువ గురియగును. లైనర్లను తినునది ముఖ్యముగా ఈ దుమ్మే. పది రూపాయల క్లిప్పుతో పోవు తెగులును ఇక్కడనే పట్టవచ్చును.

ఇక సిలిండరులోనికి. ఇంజను పూర్తిగా చల్లారవలెను. వేడికి కెమెరా పైతొడుగు, జిగురు కరగును. బండిని న్యూట్రలులో పెట్టి, చక్రములకు అడ్డుపెట్టి, బ్యాటరీ నెగటివ్ తీగను విప్పవలెను. కెమెరా లోపల నుండగా ఎవరైన మరచి సెల్ఫు కొట్టినచో కెమెరా తునిగి ముక్కలు పిస్టనుమీద పడును. ఇంజెక్టర్ల చుట్టునున్న మట్టిని, పొట్టును బ్రష్షుతోను గుడ్డతోను తుడిచిన పిమ్మటనే ఇంజెక్టరు తీయవలెను. తీసిన రంధ్రములను, గొట్టముల కొనలను శుభ్రమైన గుడ్డతో మూయవలెను. లోపల చూడబోయి ఇసుక పోసివచ్చుట తగదు. ఇంజెక్టరు పట్టుకొనియున్నచో సమ్మెటతో కొట్టవలదు, మెకానిక్కును పిలువండి.

50 హార్సుపవరు దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి కొత్త పొగ నియమములు వచ్చినవి. ఆ తరగతి కొత్త బండ్లలో కామన్ రైలు పద్ధతి ఉండును. దానిలో డీజిలు ఒత్తిడి మిక్కిలి ఎక్కువ. వాటి గొట్టములను మీరు ముట్టవలదు. పాత బండిలోనైనను పనిచేయుచున్న ఇంజెక్టరు ఎదుట చేయి పెట్టరాదు. ఆ తుంపర చర్మమును చీల్చుకొని లోపలికి పోవును. అట్లు జరిగినచో గాయము చిన్నదిగా కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. పెట్రోలు ట్యాంకులో ఈ దీపపు కెమెరాను ఎన్నడును దింపరాదు.

ముందుగా పిస్టను తల చూడండి. నల్లని పొడి మసి అన్ని పిస్టన్లమీద సమానముగా నున్నచో చింత లేదు. ఒక పిస్టను మాత్రము కడిగినట్లు మెరయుచు, రేడియేటరులో నీరు తగ్గుచున్నచో నీరు లోపలికి వచ్చుచున్నదని అనుమానింపవలెను. హెడ్డు గ్యాస్కెట్టు సంగతి చూడవలెను. తడిగా, నల్లగా ఆయిలు నిలిచియున్నచో రింగులో, వాల్వు గైడులో, టర్బో ఉన్న బండిలో టర్బోయో ఆయిలు విడుచుచున్నది. ఒకచోట మాత్రము మసి కొట్టుకొనిపోయి కాలిన మచ్చ ఉన్నచో నాజిలును పరీక్ష బల్లమీద పెట్టించండి. మా పెద్దనాయన బండిలో చూచియున్నచో ఇదియే కనబడియుండును.

తరువాత క్రాంకు పుల్లీ బోల్టుకు స్పానరు పెట్టి చేతితో త్రిప్పి, ఆ పిస్టనును పూర్తిగా క్రిందికి దింపవలెను. త్రిప్పునప్పుడు కెమెరాను బయటికి తీయవలెను. ఇప్పుడు గోడను చుట్టు చూడండి. దీపము తగ్గించి చూచినచో మెరుపు తగ్గి గీతలు తేలును. ఏటవాలు గీతలు అంతట నున్నచో లైనరు మంచిది. గోడ పైఅంచున, పై రింగు వెనుకకు మరలు పట్టీలో మాత్రము గీతలు పోయి నున్నగా నుండుట సహజము. అరుగుదల అక్కడనే మొదలగును. ఆ ఒక్క పట్టీని చూపి బోరు చేయుమన్నచో తొందరపడవలదు. గోడ మధ్యవరకు అద్దమువలె మెరయుచు, గీతలు లేకయున్నచో, లేక పైనుండి క్రిందికి నిలువు చారలు గుంపుగా నున్నచో మెకానిక్కు మాట నిజమే. ఒక్క సిలిండరు చూచి తీర్పు చెప్పరాదు, అన్నియు చూడవలెను.

ఈ కెమెరాకు కనబడనివి కూడ గలవు. రింగులు పిస్టను గాళ్లలో పట్టుకొనినవా లేదా, బేరింగులు అరిగినవా అనునది ఇది చెప్పలేదు. గోడ బాగున్నను రింగులు పోయి ఆయిలు తాగు బండ్లు ఉండును. అందువలన కంప్రెషను గేజితో ప్రతి సిలిండరును కొలిపించి, ఆ అంకెలను బండి పుస్తకములోని అంకెతోను, ఒకదానితో ఒకటియు పోల్చవలెను. గేజి చెప్పినది, కెమెరా చూపినది ఒకటైననే ఇంజను విప్పుటకు ఒప్పుకొనండి. రెండును వేరైనచో ఇంకొక మెకానిక్కును అడుగండి. బొమ్మలు ఫోనులోనే యుండును గనుక, బండిని లక్సెట్టిపేట నుండి మంచిర్యాలకు ఈడ్చుకొని పోకుండగనే చూపవచ్చును.

ఒక్క ట్రాక్టరు గలవాడు ఒంటరిగా దీనిని కొనవలెనని నేను చెప్పను. ఏడాదికి రెండుసార్లు పని. నలుగురైదుగురు బండ్లవారు కలిసి ఒకటి కొనుట మంచిది. సొంత తెర, 5.5 మిల్లీమీటర్ల లావు, రెండు కన్నులు, ఒక మీటరు గట్టి తీగ ఉన్నది చాలును. కోత మిషనులున్నవారికి ఇంకను పనికి వచ్చును. ఎలివేటరు లోపల, రేడియేటరు వెనుక గడ్డి ఎక్కడ ఇరుకుకొన్నదో, వైర్ల నడుమ ఎలుక ఎక్కడ గూడు కట్టినదో చేయి పెట్టకుండ చూడవచ్చును. చేయి పెట్టకుండుటయే మేలు, గూటిలో ఎలుకయే యుండునని నమ్మకము లేదు.

పరీక్ష యాసంగి కోతలు ముగిసిన తరువాత, వానాకాలమునకు ముందు చేయవలెను. తెగులు బయటపడినను బాగుచేయుటకు వ్యవధి యుండును. తిరిగి బిగించునప్పుడు ఇంజెక్టరు క్రింది రాగి వాషరు కొత్తది వేయవలెను. బోల్టులను పుస్తకములో చెప్పినంతయే బిగింపవలెను. గొట్టములలోని గాలిని వెడలగొట్టిన పిమ్మట ఇంజను నడపవలెను. కెమెరా కొనను మెత్తని గుడ్డతో తుడిచి, తీగను మడతపడకుండ చుట్టగా చుట్టి, ఎలుకలకందని డబ్బాలో పెట్టండి. తీసిన ప్రతి బొమ్మకు సిలిండరు సంఖ్య, తేదీ, గంటల మీటరు అంకె వ్రాసియుంచండి. వచ్చే యేడు అదే గోడను మరల చూచినప్పుడు ప్రక్కన పెట్టి పోల్చుటకు అవి కావలసియుండును.